జజీరా ఒకటి, సిక్కాలు ఎన్నో: గోవాలో ఫిరంగీల టంకసాల కథ



హాలీ, కల్దార్ అనే మాటలు తెలంగాణలోని మన బుజుర్గుల నోట మీరూ వినే ఉంటారు. హాలీ సిక్కా అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే అంగ్రేజుల రూపాయి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1857 తిరుగుబాటు అణిగిపోయే దాకా హైదరాబాద్ సిక్కా మీద ఉండింది నిజాం పేరు కాదు, ఢిల్లీ మొగల్ బాద్షా పేరు. ఫౌజు నిజాందే, ఖజానా నిజాందే, పేరు మాత్రం బాద్షాది. ఎందుకని? మన తారీఖ్‌లో హుకూమత్‌కు రెండు పెద్ద నిషానీలు ఉండేవి. ఒకటి జుమా ఖుత్బాలో ఎవరి పేరు చదువుతారు అన్నది. రెండోది సిక్కా మీద ఎవరి పేరు కొడతారు అన్నది. ఈ రెండింటిలో పేరు మార్చడమంటే "ఇక్కడ మాలిక్ మారాడు" అని చాటింపు వేయడమే. అందుకే తెలివైన హాకిములు కూడా ఆ పేరు జోలికి తొందరపడి పోయేవారు కాదు.

పేరు విషయంలో అస్సలు ఆగకుండా, ఊరు చేజిక్కిన నెల తిరగకముందే సిక్కా కొట్టించిన ఒక ఫిరంగీ గురించి ఈ రోజు రాస్తున్నాను. ఊరు గోవా. సంవత్సరం 1510. ఆ మనిషి పోర్చుగీసు గవర్నర్ అఫోన్సో ద అల్బుకర్క్.

గోవా పేరు చెబితే మన పిల్లలకు బీచ్ గుర్తొస్తుంది. ఆనాటి గోవా వేరు. అది ఒక జజీరా. ఉత్తరాన మాండవి, దక్షిణాన జువారి, ఆ రెండు నదులనూ కలిపే కుంభార్జువా పాయ. వీటి మధ్య చిక్కిన నేల పేరు తిస్వాడి, అంటే ముప్పై వాడలు. ఇబ్న్ బతూతా ఈ జజీరాను సందాబూర్ అని పిలిచాడు. ఇందులో 36 ఊళ్లు ఉన్నాయని రాశాడు. హోనావర్ సుల్తాన్ దీని మీద చేసిన దాడిలో తానూ పాల్గొన్నానని చెప్పాడు. అది పద్నాలుగో శతాబ్దం మాట.

ఇంత చిన్న నేల కోసం అంత కొట్లాట దేనికంటే, గుర్రాల కోసం. అరబ్ నుంచి, హోర్ముజ్ నుంచి జహాజుల్లో వచ్చే గుర్రాలు దిగడానికి ఇది మంచి బందర్. దక్కన్ సుల్తానులకూ గుర్రాలు కావాలి, విజయనగర రాయలకూ గుర్రాలు కావాలి. బందర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ఫౌజు బలం. అందుకే ఈ జజీరా బహమనీల చేతికి వచ్చింది, విజయనగరం చేతికి పోయింది, మళ్లీ 1472లో బహమనీ వజీర్ మహమూద్ గవాన్ దాన్ని గెలిచాడు. బీదర్ వెళ్లినవాళ్లు గవాన్ మదరసా చూసే ఉంటారు. ఆ మదరసా పని పూర్తయిందీ ఆ రోజుల్లోనే. గవాన్ స్వయంగా గీలాన్ నుంచి వచ్చిన సౌదాగర్. బందర్ విలువ ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక మాట సాఫ్‌గా చెప్పుకోవాలి. గోవాను మనవాళ్లు కూడా కత్తితోనే తీసుకున్నారు. ఫిరంగీలు రాకముందు అక్కడ అంతా సుకూన్ అని రాస్తే అది తారీఖ్ అనిపించుకోదు.

1481లో గవాన్‌ను అన్యాయంగా ఖతల్ చేయించారు. ఆ తర్వాత బహమనీ సల్తనత్ ముక్కలైంది. గోవా బీజాపూర్ యూసుఫ్ ఆదిల్ ఖాన్ వాటాకు వచ్చింది. ఆదిల్ షాహీ ఖాందాన్ పెద్దగా మనం చెప్పుకునేది ఆయన్నే. ఖాందాన్ అప్పుడు మొదలైనా, ఆదిల్ షాహీల సొంత పేరుతో మనకు దొరికే సిక్కాలు మొదలయ్యేది మాత్రం అలీ ఆదిల్ షా కాలం నుంచి. ఆయన తఖ్త్ ఎక్కింది 1558లో. అంటే తొలి ఆదిల్ షాహీలు దేశం ఏలారు కానీ, సిక్కా విషయంలో బహమనీల పాత నీడను అంత త్వరగా దాటలేదు. నిజాం సంగతి గుర్తుంది కదా, ఇదీ అలాంటిదే.

1510 ఫిబ్రవరిలో అల్బుకర్క్ జహాజులు మాండవిలోకి వచ్చాయి. ఆయన్ను ఇటు తిప్పింది హోనావర్ వైపు సముద్రంలో పేరున్న తిమ్మయ్య. ఆదిల్ ఖాన్ ఫౌజు దూరంగా ఉంది, ఊరు పెద్దగా లడాయి లేకుండానే లొంగింది. మార్చి 12న కొత్త సిక్కా ఎలాన్ జరిగింది.

ఆ కథ మనకు తెలిసేది అల్బుకర్క్ కొడుకు రాసి 1557లో అచ్చువేయించిన పుస్తకం నుంచి. కొడుకు తండ్రి గురించి రాసింది కాబట్టి కొంచెం ఉప్పు తగ్గించి చదవాలి. అందులో ఇలా ఉంది: తిమ్మయ్య, ఊరి పెద్దలు వచ్చి బజారులో చెలామణికి డబ్బు లేదు, సిక్కా కొట్టించమని అడిగారు. సిక్కా కొట్టడం రాజు హక్కు, లిస్బన్‌లో ఉన్న మా మాన్యుయెల్ రాజును అడగకుండా నేను చేయలేను అని అల్బుకర్క్ మొదట జవాబిచ్చాడు. వాళ్లు మళ్లీ అడిగారు. ఆయన తన కెప్టెన్లతో మష్వరా చేసి సరేనన్నాడు. ఆదిల్ ఖాన్ రాజ్యం సిక్కాలు ఎవరి దగ్గర ఉన్నా టంకసాలకు తెచ్చి మార్చుకోవాలని హుకుం వేశాడు. తర్వాత జెండాలు, బాకాలు, నగారాలతో జులూస్ తీశారు. ఏనుగు మీద నుంచి కొత్త సిక్కాలు జనం మీదకు చల్లారు.

జరిగింది ఏమిటో గమనించండి. లిస్బన్‌కు ఉత్తరం వెళ్లి జవాబు రావాలంటే ఏడాది పైనే పడుతుంది. రాజు ఇజాజత్ లేకుండానే రాజు సిక్కా పుట్టేసింది. బంగారు సిక్కాను మాన్యుయెల్ అన్నారు. వెండి సిక్కాను ఎస్ఫేరా అన్నారు, సగం విలువది మేయా ఎస్ఫేరా. రాగిది లెయల్, అంటే వఫాదార్ అని అర్థం. ఒకవైపు ఆర్డర్ ఆఫ్ క్రైస్ట్ సిలువ. మరోవైపు ఆకాశ గోళం బొమ్మ, అది మాన్యుయెల్ రాజు సొంత నిషానీ. కల్మా ఉన్న సిక్కాలు చేతులు మారిన బజారులో ఇప్పుడు సిలువ, గోళం తిరగడం మొదలైంది. చదువు రానివాడు కూడా బొమ్మ చూసి మాలిక్ మారాడని తెలుసుకోవాలి. అల్బుకర్క్‌కు కావలసింది అదే.

సిక్కా ఎలాన్ అయిన రెండు నెలలకే యూసుఫ్ ఆదిల్ ఖాన్ ఫౌజుతో వచ్చి జజీరా మీద పడ్డాడు. మే నెలాఖరుకు ఫిరంగీలు ఊరు వదిలి జహాజులు ఎక్కారు. బయట వానాకాలం సముద్రం, వెనక్కి పోవడానికి లేదు. ఆకలితో ఆగస్టు దాకా మాండవిలోనే చిక్కుకుపోయారు. ఏనుగు మీద నుంచి చల్లిన సిక్కాల హుకూమత్ మూడు నెలలైనా నిలవలేదు.

ఆ ఏడాదే యూసుఫ్ కన్నుమూశాడు. కొడుకు ఇస్మాయిల్ ఇంకా పసివాడు. దర్బారులో పెద్దల కుమ్ములాటలు. ఆ సందు చూసి నవంబర్ 25న అల్బుకర్క్ తిరిగి వచ్చి ఊరిని లడాయి చేసి గెలిచాడు. ఆ తర్వాత ఏం చేశాడో ఆయనే డిసెంబర్ 22న తన రాజుకు ఉత్తరం రాశాడు. నాలుగు రోజులు నెత్తురు పారిందని, దొరికిన ముస్లింలను ఎవరినీ వదల్లేదని, మసీదుల్లో నింపి నిప్పు పెట్టించామని, ఆడవాళ్లు మగవాళ్లు కలిపి 6,000 మంది చనిపోయారని అందులో ఉంది. రైతులను, బ్రాహ్మణులను వదిలేయమన్నానని కూడా ఉంది. ఇది దుష్మన్ మోపిన ఇల్జామ్ కాదు. ఫఖ్ర్‌గా ఆయన సొంతంగా ఇచ్చుకున్న గవాహీ. ఆ 6,000 మందిలో ఒక్కరి పేరు కూడా ఆ ఉత్తరంలో లేదు.

ఈ పేరా రాసేటప్పుడు నా చేయి ఆగింది. పిల్లలు చదివే బ్లాగులో ఇది రాయాలా అని ఆలోచించాను. రాయాలనే అనుకున్నాను. గోవా చరిత్ర చెప్పేటప్పుడు చర్చిల అందం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తే, ఆ మజ్లూములను రెండోసారి పూడ్చినట్టే. అలాగని ఇది విని ఈ రోజు గోవాలో ఉన్న ఏ క్రైస్తవ భాయ్ మీదా మనసులో కినా పెట్టుకోకూడదు. ఐదు వందల ఏళ్ల కింద ఒక గవర్నర్ చేసిన జుల్మ్‌కు వాళ్లు జవాబుదార్లు కారు.

ఇక సిక్కా సంగతికి వద్దాం. అసలు నేను చెప్పదలచుకున్న మాట ఇక్కడే ఉంది. ఊరు గెలిచారు, టంకసాల తిరిగి నడిచింది. మరి బజారు లొంగిందా?

లొంగలేదు. కత్తితో ఊరి దర్వాజా తెరవచ్చు, సౌదాగర్ మనసులో ఎతిబార్ పుట్టించలేం. సౌదాగర్ సిక్కా చేతికి తీసుకుంటే మూడు చూస్తాడు: వజన్ ఎంత, ఖరా ఎంత, రేపు ఇంకొకడు తీసుకుంటాడా లేదా. బొమ్మ ఎవరిదన్నది ఆ తర్వాత. ఉదాహరణకు వెనీస్ డుకట్ చూడండి. దాని మీద ఈసా అలైహిస్సలాం బొమ్మ, సెయింట్ మార్క్ బొమ్మ ఉంటాయి. అయినా మిస్ర్ నుంచి మలబార్ దాకా ముస్లిం సౌదాగర్లు దాన్ని కళ్లకద్దుకుని తీసుకున్నారు, బంగారం ఖరా కాబట్టి. మిస్ర్ సుల్తాన్ అల్-అష్రఫ్ బర్స్‌బాయ్ 1425లో కొత్త బంగారు దీనార్ కొట్టించినప్పుడు దాని వజన్‌ను ఆ డుకట్‌కు దగ్గరగా పెట్టాడు. ఆయన పేరు మీదే అది అష్రఫీ అయింది. మన నానీలు చెప్పే కథల్లో షహజాదీకి తులం వేసి ఇచ్చే అష్రఫీ అదే.

పోర్చుగీసు క్రుజాదో దాదాపు 3.5 గ్రాములు. అష్రఫీ దానికి దగ్గర. విజయనగర వరహా 3.4 గ్రాములు. మూడు మజహబుల మూడు సిక్కాలు తక్కెడలో దాదాపు సమానంగా తూగుతాయి. సముద్రం మీద తిజారత్ నడిచింది ఈ లెక్క మీద. అల్బుకర్క్ వచ్చి కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, ఆ లెక్కలోకి ఆయనే వచ్చి చేరాడు.

పేర్లు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మాన్యుయెల్, ఎస్ఫేరా, లెయల్ అనే పేర్లు ఎక్కువ కాలం నిలవలేదు. గోవాలో నిలిచిన పేర్లు వేరే. ఫిరంగీలు లెక్కలు రాసుకున్నది పర్దావ్‌లలో. ఆ మాట విజయనగరం వాళ్ల ప్రతాప నుంచి వచ్చిందంటారు. తర్వాత వెండిలో వచ్చిన పెద్ద సిక్కా పేరు షెరాఫిం, అంటే మన అష్రఫీ. దాని కింద తంగా, అంటే టంకా. అన్నిటికన్నా చిన్నది బజరూకో, ఆ మాటలో బజారు చప్పుడు వినిపిస్తూనే ఉంది. రాజు లిస్బన్‌లో ఉన్నాడు, సిక్కా మీద వాళ్ల నిషానీ ఉంది, నోట పలికే పేరు మాత్రం దక్కన్‌ది, మిస్ర్‌ది.

మూడో జువావ్ రాజు కాలంలో, 1540ల చివర్లో, సెయింట్ థామస్ బొమ్మతో గోవాలో బంగారు సిక్కా కొట్టారు. మైలాపూరులో ఆ థామస్ సమాధి ఉందని క్రైస్తవుల నమ్మకం. వరహాకు దీటుగా తమ సొంత బంగారం నిలబెట్టాలని వాళ్ల ఆశ. అది ఎంతవరకు నెరవేరిందో లిన్‌షోటెన్ అనే డచ్చివాడు చెబుతాడు. ఆయన 1583 నుంచి 1588 దాకా గోవాలో ఆర్చ్‌బిషప్ దగ్గర ముంషీ పని చేశాడు. ఆయన పుస్తకం 1596లో వచ్చింది. సెయింట్ థామస్ సిక్కా విలువ ఏడెనిమిది తంగాలని, వరహా ఎనిమిది తంగాలకు పైనని, వెనీస్ బంగారు కాసు రెండు షెరాఫింలని, అంటే పది తంగాలని రాశాడు. 1565 తళ్లికోట యుద్ధంలో విజయనగరం కూలిపోయి అప్పటికి దాదాపు ఇరవై ఏళ్లు. ఆ వరహాల వెనుక నిలిచిన రాజధాని శిథిలమైపోయినా, వరహా మాత్రం తఖ్త్ మీద ఉన్న రాజు సిక్కా కంటే బజారులో ఒక మెట్టు పైనే ఉంది.

షెరాఫిం గురించి లిన్‌షోటెన్ చెప్పింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒకవైపు సెయింట్ సెబాస్టియన్, మరోవైపు బాణాల కట్ట. గోవాలో అన్నిటికన్నా ఎక్కువ తిరిగే సిక్కా అదే, కానీ వెండి నాసిరకం. బజారులో తంగాలు రెండు రకాలుగా లెక్కించేవారట, మంచి తంగా, చెడ్డ తంగా. నాలుగు మంచివి ఐదు చెడ్డవాటికి సమానం. ఏ సరుకు బేరమాడినా ముందు "మంచి తంగాలా, చెడ్డ తంగాలా" అని తేల్చుకోవాలి. పైగా ఖోటా సిక్కాలు బోలెడు. అందుకని వీధి మలుపు మలుపునా సర్రాఫులు కూర్చునేవారు. ఒకటి రెండు బజరూకోలు తీసుకుని సిక్కాలు ఎంచి, ఖరా ఏదో ఖోటా ఏదో చెప్పేవారు. వాళ్లకు చూపించకుండా ఎవరూ సొమ్ము తీసుకునేవారు కాదు. పోర్చుగీసువాళ్లు ఆ మనిషిని షరాఫో అన్నారు. తెలుగులో మనం షరాబు అంటాం. మాట ఒకటే, అరబీ సర్రాఫ్.

నా నజర్‌లో ఈ కథకు అసలు హీరో గవర్నర్ కాదు, సుల్తాన్ కూడా కాదు. ఆ వీధి మలుపులో చిన్న తక్కెడ పెట్టుకుని కూర్చున్న పేరులేని సర్రాఫ్. రాజు "ఇది విలువైనది" అని హుకుం వేస్తాడు. సర్రాఫ్ దాన్ని వేలి మీద మోగించి "ఇంతే" అంటాడు. రాజు మాట కోట లోపల చెల్లుతుంది. బజారులో చెల్లేది ఇతని మాట. తక్కెడ దగ్గర తగ్గించేవాళ్ల గురించి మన కితాబులో ఒక పూర్తి సూరా, అల్-ముతఫ్ఫిఫీన్, ఎందుకుందో ఇలాంటి చోట బాగా అర్థమవుతుంది. కొలతలో ఖయానత్ చేసేవాడు ఒక్క గిరాకీని మోసం చేయడు, ఊరందరి ఎతిబార్‌నూ తింటాడు. ఆ ఖయానత్ రాజే చేస్తే ఇంకెంత చేటు!

జజీరా మీద ఝగడా అంతటితో ఆగలేదు. 1543లో బీజాపూర్ చేతి నుంచి పక్కనున్న బార్దేజ్, సాల్సెట్ ప్రాంతాలూ పోర్చుగీసులకు పోయాయి. 1570 చివర్లో అలీ ఆదిల్ షా పెద్ద ఫౌజుతో వచ్చి గోవాను ముట్టడించాడు. అదే సమయంలో అహ్మద్‌నగర్ నిజాం షా చౌల్ మీద పడ్డాడు, కాలికట్ జామోరిన్ చాలియం కోట మీద పడ్డాడు. నెలల తరబడి సాగింది కానీ పాయ దాటి జజీరాలో నిలవలేకపోయారు. 1571 డిసెంబర్‌లో సులహ్ కుదిరింది. మలబార్ ఆలిం జైనుద్దీన్ మఖ్దూమ్ తన తుహ్ఫతుల్ ముజాహిదీన్ కితాబును అంకితం ఇచ్చింది ఈ అలీ ఆదిల్ షాకే. గోవా పోయి, తిరిగి వచ్చి, మళ్లీ పోయిన సంగతి అందులోనూ ఉంది. సొంత పేరుతో సిక్కా కొట్టించిన అలీ ఆ సిక్కాను గోవా జజీరాకు మాత్రం తిరిగి తీసుకుపోలేకపోయాడు.

1580లో పోర్చుగల్ తఖ్తే స్పెయిన్ రాజు ఫిలిప్ చేతికి పోయింది. గోవా టంకసాలలో రాజు మళ్లీ మారాడు. సర్రాఫు మాత్రం తన మలుపులోనే ఉన్నాడు, అదే తక్కెడతో.

సెలవుల్లో పిల్లలతో గోవా వెళ్లేవాళ్లకు ఒక గుజారిష్. ఓల్డ్ గోవాలో ఆదిల్ షా మహల్ దర్వాజా ఒకటి నేటికీ నిలిచి ఉంది, మహల్ లేదు. జజీరా దాటి ఫోండా వెళితే సఫా మస్జిద్ ఉంది, 1560లో కట్టిందంటారు. పక్కనే మెట్లున్న హౌజ్. కుదిరితే అక్కడ రెండు రకాత్‌లు చదవండి. 1510 నవంబర్‌లో పోయిన ఆ 6,000 మంది కోసం దుఆ చేయండి. సుల్తానుల పేర్లు, రాజుల పేర్లు సిక్కాల మీద మిగిలాయి, మ్యూజియం అద్దాల వెనుక భద్రంగా ఉన్నాయి. వీళ్ల పేర్లు ఏ సిక్కా మీదా లేవు. యాద్ చేసుకోవడానికి మనమే ఉన్నాం.

అల్లాహ్ హాఫిజ్.